పల్లెసీమల ముచ్చటలు: రోలుగుంట బెల్లము

పేరులోనే రోలున్న యూరు గృహిణులకు పరాయిది కాజాలదు గదా! చోడవరపు ప్రాంతమునకు చెంది, మొన్నటివరకు విశాఖపట్టణపు జిల్లాలోను, 2022వ సంవత్సరమునుండి అనకాపల్లి జిల్లాలోను చేరిన రోలుగుంటకు మేము చెఱకు నఱకుదినములలో పోయితిమి. దూరమున తూర్పు కనుమలు, దాపున బెల్లము వండు పాకల పొగ.

పూర్వము గానుగను ఎద్దులు త్రిప్పెడివి. ఇప్పుడు యంత్రము త్రిప్పుచున్నది. తక్కిన పని యంతయు పాతదే. రసమును పెద్ద పెనములో పోసి, పిండిన పిప్పినే యెండబెట్టి పొయ్యిలో వేయుదురు. కాగుచుండగా సున్నపుతేట పోసిన మడ్డి పైకి తేలును. దానిని ఎప్పటికప్పుడు తీసివేయవలెను. పాకము చూచుట మనము అరిసెలకు చూచినట్లే: చన్నీళ్లలో చుక్క వేసి వ్రేళ్లతో ఉండకట్టి చూతురు. నూఱు కిలోల చెఱకునకు పది, పండ్రెండు కిలోల బెల్లము వచ్చును. అది దిమ్మలై అనకాపల్లి విపణికి పోవును. ఆ పట్టణమున 1913వ సంవత్సరముననే చెఱకు పరిశోధనక్షేత్రము నెలకొల్పిరి.

పాకలో నొక ముదుసలి మాకు రెండు ముక్కలు చూపినది. ఒకటి ముదురు గోధుమవన్నె, రెండవది పసుపుపచ్చ.

"ఏది కొంటారమ్మా?" అని యడిగినది.

మేము పసుపుపచ్చదానిని చూపితిమి. ఆమె నవ్వి, "అందరూ అంతేనమ్మా. మా పిల్లలకి మాత్రం నల్లదే ఉంచుకుంటాం" అన్నది.

మాకు సిగ్గయ్యెను. తెల్లని బెల్లమునకు వెల హెచ్చుట వలననే కొందఱు హైడ్రోసను గంధకపు రసాయనమును పాకములో కలుపుచున్నారు. బెల్లమున గంధకపు వాయువు పదిలక్షల పాళ్లలో 70 పాళ్లకు మించరాదని నిబంధన యున్నది. కాని పొయ్యికడ కొలుచువా రెవరు? పోనీ, ఆ తెలుపైనను నిలుచునా? నిలువయుంచిన కొలది మరల నల్లబడును. వండువానిని నిందించుట సులభము. నల్లని దిమ్మను త్రోసిపుచ్చి తెల్లనిదానికై బేరమాడిన చేతులు మనవి కావా? మేమును ఏండ్ల తరబడి అట్లే కొంటిమి.

వీడ్కొనునపుడామె నల్లబెల్లపు ముక్క నొకదానిని మా చేతిలో పెట్టినది. ఇంటికి వచ్చి దానితో అరిసెలు వండితిమి. రంగు చూచి మొగము చిట్లించిన మా చిన్నమ్మాయి నాలుగవదానికై చేయి చాచుసరికి పళ్లెము ఖాళీ యయ్యెను.