ఉన్నట్టా, లేనట్టా?

1982లో అమెరికా తత్వశాస్త్ర ఆచార్యుడు పీటర్ సూబర్ ఒక ఆట కనిపెట్టారు. పేరు నామిక్. పావులు అక్కర్లేదు, నిబంధనను మార్చడమే ఎత్తు వేయడం. వంతు వచ్చినవారు సవరణ ప్రతిపాదిస్తారు, మిగతావాళ్లు ఓటేస్తారు. ఓటు వేసే పద్ధతినీ అలాగే మార్చుకోవచ్చు. ఈ తరహాలో 1993లో ఇంటర్నెట్‌లో మొదలైన 'అగోరా'లో ఆటగాళ్లు తమలో తాము ఒప్పందాలూ రాసుకుంటారు. అసలు పేచీ అక్కడే. ఫలానా మనిషి ఒప్పందంలో ఉన్నట్టా, లేనట్టా?

మన చట్టసభల్లో ఇదే పేచీ నిజంగా నడుస్తోంది. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు, పార్టీ సభ్యత్వాన్ని 'స్వచ్ఛందంగా వదులుకున్న' సభ్యుడు అనర్హుడంటుంది. వదులుకోవడమంటే? రాజీనామా అక్కర్లేదు, ప్రవర్తనే చాలునని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పార్టీయే బహిష్కరిస్తే? అయినా సభలో ఆ పార్టీ మనిషేనని 1996లో విశ్వనాథన్ కేసులో తేల్చింది. గెంటేసిన ఇంట్లోనే కాపురం ఉన్నట్టు లెక్క!

మూడో వంతు మంది చీలితే చెల్లుతుందన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. మిగిలింది విలీనం. అందుకు శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఇక్కడ లెక్కలు రంజుగా ఉంటాయి. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ గెలిచింది 19 స్థానాలు. అంటే 13 మంది కావాలి. ఉత్తమ్‌కుమార్ రెడ్డి 2019లో నల్గొండ ఎంపీగా గెలిచి అసెంబ్లీ సీటు వదులుకున్నారు. మిగిలింది 18, కావలసింది 12. సరిగ్గా 12 మందే టీఆర్ఎస్‌లో కలుస్తామన్నారు. జూన్ 6న స్పీకర్ ఆమోదించారు. అదే నెలలో రాజ్యసభలో ఆరుగురు తెలుగుదేశం సభ్యుల్లో నలుగురు బీజేపీ పక్షంలో కలిశారు. అదీ అచ్చంగా మూడింట రెండు వంతులే.

మరి అసలు పార్టీ విలీనం కానక్కర్లేదా? గాంధీభవన్ మీద బోర్డు మారలేదు, తెలుగుదేశం పార్టీ ఎక్కడికీ పోలేదు. షెడ్యూలు నాలుగో పేరా ముందు 'మాతృ పార్టీ' విలీనం అంటుంది, తర్వాత శాసనసభాపక్షం ఒప్పుకుంటే విలీనం జరిగినట్టే భావించాలంటుంది. రెంటినీ కలిపి చదవాలా, రెండోది ఒక్కటే చాలా అన్నది ఎవరికి కావాల్సినట్టు వారు చదువుకుంటున్నారు.

సూబర్ ఆటలో తగాదా తీర్చేది ఆటగాళ్లలోనే ఒకరు. ఇక్కడ స్పీకర్. కోర్టు సమీక్షకు లోబడి ఆ అధికారం చెల్లుతుందని 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు మాత్రం షెడ్యూలులో రాయలేదు. 2023లో బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచిన దానం నాగేందర్ మరుసటి ఏడాదే కాంగ్రెస్ అభ్యర్థిగా సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. అప్పటికి శాసనసభ లెక్కల్లో ఆయన బీఆర్ఎస్ సభ్యుడే. ఆయనతో సహా పది మందిపై ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. ఈ పనిని స్పీకర్లకే వదలాలా అన్నది పార్లమెంటు ఆలోచించుకోవాలని కూడా చెప్పింది. ఆ సవరణకు ఓటేయాల్సిందీ ఆటగాళ్లే.