ఫిస్టులాలో రక్తప్రవాహము: నిర్ణయము జరుగునది ఎక్కడ?

మూత్రపిండములు పూర్తిగా చెడిన రోగికి వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ జరుగవలెనన్న, నిమిషమునకు సుమారు 300 మిల్లీలీటర్ల నెత్తురును యంత్రమునకిచ్చి తిరిగి పుచ్చుకొనగల నాళమొకటి దేహమున నుండవలెను. పైపైనుండు సిరలకు అంతటి ప్రవాహము లేదు. ప్రవాహముగల ధమనులు లోతున నుండి మాటిమాటికి సూదిపోటుకు తాళజాలవు. మణికట్టుకడ ధమనిని సిరతో కుట్టి కలిపి (ఈ కలయికయే ఫిస్టులా) ఈ చిక్కును విప్పిన న్యూయార్కు వైద్యులు బ్రెషియా, చిమినో, అప్పెల్, హర్విచ్ లు తమ పద్ధతిని 1966లో ప్రకటించిరి.

మణికట్టుకడ ధమనిలో మామూలుగా నిమిషమునకు పారునది 20 లేక 30 మిల్లీలీటర్లే. కలిపిన తోడనే అది 200 దాటును. ఆరు వారములకు 600 కావలెనని వైద్యులు కోరుదురు. సూక్ష్మనాళికల అడ్డు తప్పుటచే నెత్తురు తిన్నగా సిరలోనికి దుముకును. ఆ ఒరిపిడికి సిర వెడల్పగును. నాళవ్యాసము సగమైనచో నిరోధము 16 రెట్లగును గనుక, తక్కిన కారణములన్నియు ఈ వ్యాసమునకు తరువాతివే. మధుమేహముచే సున్నము పట్టి బిరుసెక్కిన ధమని వెడల్పు కాజాలదు. డయాలిసిస్ నడుమ నీటిని త్వరత్వరగా లాగి రక్తపోటును పడనిచ్చినచో, ఇరుకుపడిన ఫిస్టులా ఆ రాత్రికే గడ్డకట్టవచ్చును. ప్రవాహము మితిమీరినను కీడే: గుండె అలయును, వ్రేళ్లు చల్లబడును.

అనుభవముగల నర్సు సూది గ్రుచ్చుటకు ముందు ఫిస్టులా చేతిపై వ్రేళ్లుంచి చూచును. ఎడతెగని కంపము తగిలెనా మేలు. నాడివలె కొట్టుకొనెనా, ముందెక్కడనో ఇరుకున్నది. చేయి పైకెత్తినపుడు సిర అణగక బిగిసియుండుటయు ఆ గుర్తే. ఖరీదైన పరికరములు లేనిచోట ఈ పరీక్షను మించినది లేదు, కాని తొందరలో దీనినే విడిచిపెట్టుచున్నారు.

ఫిస్టులా పనిచేయకున్న నింద శస్త్రవైద్యునిపై పడును. అది సగమే న్యాయము. ఏండ్ల తరబడి జ్వరమునకును నీరసమునకును సెలైను ఎక్కించి ముంజేతి సిరలను చెడగొట్టినవారు వేరొకరు. జత్రువు (కాలర్ ఎముక) క్రింద గొట్టము దింపి, గుండెకు పోవు పెద్దసిరను ఇరుకు చేసినవారు మరియొకరు. ఉద్దానము వంటి చోట్ల మూత్రపిండవ్యాధి పల్లెపల్లెకు తెలిసినదే. డయాలిసిస్ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య పథకము భరించుచున్నది. అయినను మనదేశమున పెక్కుమంది రోగులు మెడలో గొట్టముతోనే యంత్రమును చేరుచున్నారు. వ్యాధి నాల్గవ దశలోనే సిరలను స్కానుచేసి, ఎక్కువగా వాడని చేతికి సూది తగులనీయవలదని రోగి చీటిపై వ్రాసి, డయాలిసిస్‌కు కొన్ని మాసములు ముందుగనే శస్త్రచికిత్స ముగించునట్టి నిబంధనను ఆ పథకములోనే చేర్చుటకు అడ్డేమియు కానరాదు.