పక్క స్థలంలో ఏం కడతారో ఎప్పుడు తేలుతుంది?

మా నార్తర్న్ వర్జీనియాలో ఇల్లు కొనే తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. స్కూలు రేటింగ్ ఎంత, ఇల్లు ఈస్ట్ ఫేసింగేనా, హెచ్‌ఓఏ ఫీజు ఎంత, మెట్రో ఎంత దూరం. ఇంటి వెనకాల ఖాళీ స్థలం ఏ జోన్‌లో ఉందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ‘వెనకాల అన్నీ చెట్లేనండీ, ప్రైవసీ బాగుంటుంది’ అని ఎవరైనా అంటే చాలు, తృప్తిపడిపోతాం. ఆ చెట్లు ఎవరివి, వాటిని కొట్టేసి అక్కడ ఏం కట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది అన్నది కౌంటీ వెబ్‌సైట్‌లోని జోనింగ్ మ్యాపులో అందరికీ కనిపించేలానే ఉంటుంది. మనం చూడం, అంతే.

ఇక్కడ ఈ మాట ఇప్పుడు ఎందుకంటే డేటా సెంటర్ల వల్ల. లౌడన్ కౌంటీలో, ముఖ్యంగా మనవాళ్లు ఎక్కువగా ఉండే యాష్‌బర్న్ చుట్టుపక్కల, 4 కోట్ల చదరపు అడుగులకు పైగా డేటా సెంటర్లు ఉన్నాయి. పక్కనున్న ప్రిన్స్ విలియం కౌంటీ కూడా అదే దారి పట్టింది. రాష్ట్ర శాసనసభకు నివేదికలిచ్చే జేఎల్‌ఏఆర్‌సీ 2024 డిసెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. వర్జీనియా డేటా సెంటర్లలో దాదాపు మూడో వంతు నివాస ప్రాంతాల దగ్గరే ఉన్నాయని, అడ్డు లేకుండా పెరిగితే పదేళ్లలో రాష్ట్ర విద్యుత్ డిమాండు రెట్టింపు కావచ్చని అందులో తేల్చింది.

ముందు లాభం సంగతి

డేటా సెంటర్లు వద్దు అనడం తేలిక. కానీ లెక్క కూడా చూడాలి. లౌడన్‌లో ఇంటి పన్ను రేటు 2012లో ప్రతి 100 డాలర్ల విలువకు 1.235 డాలర్లు. 2025లో అది 0.805 డాలర్లు. అంటే 8 లక్షల డాలర్ల ఇంటికి పాత రేటు ప్రకారం 9,880 డాలర్లు కట్టాల్సిన చోట 2025 రేటు ప్రకారం 6,440 డాలర్లు కట్టాం. ఇళ్ల విలువలు పెరగడం కూడా దీనికి ఒక కారణమే. అయినా డేటా సెంటర్ల లోపలి కంప్యూటర్ల మీద కౌంటీకి వచ్చే పన్ను లేకపోతే ఇంత తగ్గేది కాదు. ఆ భవనాల నుంచి బడికి వచ్చే పిల్లలుండరు, రోడ్ల మీద రద్దీ పెద్దగా పెరగదు. కౌంటీకి రాబడి ఎక్కువ, ఖర్చు తక్కువ. పైగా మన ఇళ్లలో ఎంతోమంది ఉద్యోగాలు ఆ క్లౌడ్ మీదే నడుస్తున్నాయి.

కాబట్టి అసలు ప్రశ్న డేటా సెంటర్లు కావాలా వద్దా అన్నది కాదు. ఎక్కడ, ఎంత దూరంలో, ఏ షరతులతో అన్నది. దానికి జవాబు చెప్పేదే జోనింగ్.

ఒక్క మాటలో ఉన్న తేడా

అమెరికాలో స్థానిక ప్రభుత్వాలకు జోనింగ్ అధికారం ఉందని 1926లో ఒహాయోకి చెందిన యూక్లిడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటినుంచీ స్థూలంగా పద్ధతి ఒకటే. ముందు కౌంటీ ఒక దీర్ఘకాల ప్రణాళిక వేసుకుంటుంది. దాన్ని కాంప్రహెన్సివ్ ప్లాన్ అంటారు. తర్వాత జోనింగ్ మ్యాపు, ఏ జోన్‌లో ఏం కట్టవచ్చో చెప్పే పట్టిక. ఆ పట్టికలో ఒక కట్టడాన్ని ‘బై-రైట్’ అని రాశారంటే, ఆ స్థలం యజమాని దాన్ని హక్కుగా కట్టుకోవచ్చు. ఎత్తు, సరిహద్దు నుంచి దూరం, వాన నీటి పారుదల వంటి నిబంధనలు సరిపోయాయో లేదో కౌంటీ సిబ్బంది చూస్తారు. అంతవరకే. పబ్లిక్ హియరింగ్ ఉండదు, బోర్డు ఓటు ఉండదు. అదే పట్టికలో ‘స్పెషల్ ఎక్సెప్షన్’ అని ఉంటే ప్లానింగ్ కమిషన్ ముందూ, బోర్డు ముందూ హియరింగులు జరగాలి. బోర్డు షరతులు పెట్టవచ్చు, కాదనవచ్చు.

లౌడన్‌లో కొన్ని జోన్లలో డేటా సెంటర్లు చాలా ఏళ్లు బై-రైట్‌గా వచ్చాయి. ‘ఇంత పెద్దది కడుతుంటే మమ్మల్ని ఒక్క మాట అడగలేదేం’ అన్నవాళ్లకు జవాబు అదే. అడగాల్సిన అవసరం చట్టంలో లేదు. 2025 మార్చిలో లౌడన్ బోర్డు ఆ వెసులుబాటు తీసేసింది. ఇకపై కొత్తగా వచ్చేవాటికి స్పెషల్ ఎక్సెప్షన్ కావాలి. అయితే అప్పటికే అనుమతులు పొందినవాటిని ఈ మార్పు ఆపదు. నిబంధన మారిందని ఊపిరి పీల్చుకునే ముందు, మన పక్క స్థలం పాత అనుమతుల కింద ఉందేమో చూసుకోవాలి.

ప్రిన్స్ విలియం చెప్పిన పాఠం

ప్రిన్స్ విలియం డిజిటల్ గేట్‌వే కథ ఇంకా ఆలోచించదగ్గది. మనాసస్ యుద్ధభూమి జాతీయ పార్కును ఆనుకుని దాదాపు 2,100 ఎకరాల పల్లె ప్రాంతం. అక్కడ 37 వరకు డేటా సెంటర్లు కట్టాలన్నది ప్రతిపాదన. భూములు అమ్ముకోవాలని ఎదురుచూసిన స్థానికులూ ఉన్నారు, ప్రాణం పెట్టి వ్యతిరేకించిన ఇరుగుపొరుగూ ఉన్నారు. 2023 డిసెంబరులో హియరింగ్ పెడితే దాదాపు 27 గంటలు సాగింది. రాత్రంతా జనం మాట్లాడారు. చివరికి బోర్డు 4-3 ఓట్లతో ఆమోదించింది. ఒకరు ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నారు. అప్పటి చైర్ ఆన్ వీలర్ ఆ ఏడాది జూన్ ప్రైమరీలోనే ఓడిపోయారు. ప్రాజెక్టును వ్యతిరేకించిన డెషుండ్రా జెఫర్సన్ ఎన్నికై, పదవి చేపట్టడానికి కొన్ని వారాలే మిగిలి ఉంది.

27 గంటల మాటలు ఆపలేని దాన్ని 2025 ఆగస్టులో సర్క్యూట్ కోర్టు ఆపింది. కారణం పర్యావరణం కాదు, చరిత్ర కాదు. హియరింగ్ గురించి పత్రికలో ఇవ్వాల్సిన ప్రకటన చట్టం చెప్పిన విధంగా ఇవ్వలేదని చెప్పి రీజోనింగ్ చెల్లదంది. ఆ కేసు వేసినవాళ్లలో దగ్గర్లోని ఒక హెచ్‌ఓఏ ఉంది. మనం చెత్తడబ్బాల గురించీ, పెయింటు రంగు గురించీ తిట్టుకునేలాంటి హెచ్‌ఓఏనే. తీర్పు మీద కౌంటీ, కంపెనీల వైపు నుంచి అప్పీళ్లు వెళ్లాయి.

ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. ఆ ప్రాంతం డేటా సెంటర్లకు అనువైనదని కాంప్రహెన్సివ్ ప్లాన్‌ను 2022 నవంబరులోనే మార్చారు. అంటే జనం వెల్లువెత్తిన రాత్రికి ఏడాది ముందే దిశ ఖరారైంది. ప్లాన్ మారాక రీజోనింగ్‌ను వ్యతిరేకించడం, పెళ్లి పత్రికలు పంచాక సంబంధం గురించి ఆరా తీసినట్టే.

హియరింగులో ఏం మాట్లాడాలి

నాకు ఇక్కడ ఓటు లేదు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్న మనలో చాలామందికీ లేదు. కానీ పబ్లిక్ హియరింగులో మైకు ముందు నిలబడేవారిని పౌరసత్వం అడగరు. రెండు మూడు నిమిషాలు ఇస్తారు. ఆ కాస్త సమయంలో ‘మా ఇంటి విలువ పడిపోతుంది’ అని కోపంగా చెప్పడం కన్నా, షరతుగా రాయడానికి వీలైన మాట ఒక్కటి చెప్పడం మేలు.

ఉదాహరణకు శబ్దం. మనాసస్ దగ్గర గ్రేట్ ఓక్ కాలనీవాసుల ఫిర్యాదు పేలుళ్ల లాంటి మోతల గురించి కాదు, ఆగని హోరు గురించి. సాధారణంగా కొలిచే ఎ-వెయిటెడ్ డెసిబెల్ పద్ధతి తక్కువ ఫ్రీక్వెన్సీ ధ్వనులను తక్కువ చేసి చూపిస్తుంది, ఎందుకంటే మన చెవికి అవి మెల్లగా వినిపిస్తాయి. కానీ గోడల్లోంచి పడకగదిలోకి తేలిగ్గా దూరేది ఆ తక్కువ ఫ్రీక్వెన్సీ హోరే. పైగా డెసిబెల్ స్కేలు కూడికల స్కేలు కాదు. 10 పెరిగితే ధ్వని తీవ్రత 10 రెట్లు అవుతుంది. అందుకని ‘శబ్దం తగ్గించండి’ అనకుండా, ‘సరిహద్దు దగ్గర తక్కువ ఫ్రీక్వెన్సీని కూడా విడిగా కొలవాలి, భవనం పనిచేయడం మొదలయ్యాక మళ్లీ కొలవాలి, డీజిల్ జనరేటర్ల పరీక్షలు పగటి వేళే చేయాలి’ అని అడగాలి. ఇలాంటివి సిబ్బంది షరతుల్లో రాయగలరు, తర్వాత అమలు చేయమని నిలదీయడానికి మన చేతిలో కాగితం ఉంటుంది.

విశాఖ వైపు చూపు

2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ ప్రకటించినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ పండగ చేసుకున్నాయి. సంతోషించాల్సిందే. అయితే యాష్‌బర్న్ పక్కన కాపురం చేస్తున్న మనకు అడగాల్సిన ప్రశ్నలు కూడా తెలుసు. కరెంటు లైన్లు ఎవరి పొలాల మీదుగా వెళ్తాయి, నీళ్లు ఎక్కడివి, ఇళ్లకు ఎంత దూరం. అక్కడా మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు, సూచనలు పంపే వీలుంది. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు అది మనమే చెప్పాలి.

ఇక్కడికొస్తే చేయాల్సింది పెద్ద ఉద్యమం కాదు. కౌంటీ మ్యాపులో మీ అడ్రసు కొట్టి, చుట్టూ ఉన్న ఖాళీ స్థలాల జోనింగ్, పెండింగ్ దరఖాస్తులు చూడండి. ప్లానింగ్ కమిషన్ అజెండా మెయిల్‌కు సైనప్ చేయండి. ప్రతి హెచ్‌ఓఏలో ఒక్కరు ఆ మెయిల్ చదివి మిగతావాళ్లకు చెప్తే సరిపోతుంది. మన పండగలకు వచ్చి దీపం వెలిగించి, చీరలు బాగున్నాయని మెచ్చుకుని వెళ్లే సూపర్‌వైజర్లు 2027 నవంబరులో మళ్లీ ఓట్లు అడుగుతారు. ఓటున్నవాళ్లు ఈసారి ఫొటోతో పాటు, మన పక్క స్థలం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగండి.