రెండు దేశముల యాటగాడు

విశాఖపట్టణమున పోతినమల్లయ్యపాలెము క్రీడాస్థలమందు 2005 ఏప్రిలు 5వ తేదీన భారతపాకిస్తానులకు పోటీ జరిగి, ధోనీ 148 పరుగులు తీసిన నాటినుండి క్రికెట్టు మన వంటయిండ్లలోనికిని వచ్చి కూర్చున్నది. ఆటయందు రుచిలేని సోదరీమణులకు కూడ అందలి తగవులు వినక తప్పుట లేదు. ఒక దేశమున పుట్టి మరియొక దేశము పక్షమున నాడువాడు ద్రోహి యగునా యనునది యట్టి తగవులలో నొకటి. దానిని గూర్చి మేమీ మాసము రెండు మాటలు వ్రాయదలచితిమి.

నిడమానూరు తేజ 1994లో విజయవాడలో జన్మించినవాడు. చిన్నతనముననే తల్లితో న్యూజిలాండు చేరి, ఆక్లండు నగరమున పెరిగి, ఆక్లండు జట్టున నాడెను. 2019లో క్లబ్బు ఆటకై నెదర్లాండ్సునకు పోయి అచ్చటనే నిలిచెను. ఒక దేశమున మూడేండ్లు నివసించినవారు ఆ దేశము పక్షమున నాడవచ్చునని నియమము కలదు. 2022 మే 31వ తేదీన వెస్టిండీసుపై నాడిన తొలి పోటీలోనే ఆతడు 58 పరుగులు తీసి అజేయుడుగ నిలిచెను.

అయినను ఆతని పేరు లోకమున మ్రోగినది 2023 జూను 26వ తేదీన. హరారేలో ప్రపంచకప్పు అర్హతపోటీలు జరుగుచుండెను. వెస్టిండీసువారు 374 పరుగులు పోగుచేసిరి. అంత మొత్తమును చూచిన చిన్నజట్టు చేతులెత్తివేయుట వాడుక. తేజ 76 బంతులలో 111 పరుగులు తీసెను. నెదర్లాండ్సు మొత్తమును సరిగా 374 కడనే ఆగెను! ఇట్లు సమమైనపుడు చెరియొక ఓవరు, అనగా ఆరేసి బంతులు, ఆడించి గెలుపు తేల్చుదురు. లోగన్ వాన్ బీక్ అనునాతడు ఆ యారు బంతులలో 30 పరుగులు కొట్టి, పిదప బంతియు తానే వేసి, వెస్టిండీసువారిని 8 పరుగులకు కట్టివేసెను.

ఈ వాన్ బీక్ పుట్టినది న్యూజిలాండులో. ఆతని తాత సామీ గిల్లెన్ ట్రినిడాడు ద్వీపమువాడు. 1951-52లో వెస్టిండీసు పక్షమున టెస్టులాడి, న్యూజిలాండున కాపురము పెట్టి, 1956లో ఆ వెస్టిండీసుపైననే న్యూజిలాండు పక్షమున నాడెను. ఆక్లండులో ప్రత్యర్థుల చివరి యాటగానిని వికెట్ల వెనుకనుండి తానే అవుటుచేసి, న్యూజిలాండునకు టెస్టులలో మొట్టమొదటి గెలుపును ముగించెను. అరువదియేడేండ్లకు మనుమడును తాత తొలి జట్టునే ఓడించినాడు. పురాణములలో నిట్టి కథ వచ్చినచో ఏదో శాపమున్నదందుము. ఇచ్చట శాపమును లేదు, పగయు లేదు. ఉన్నది కాపురము మారుట.

మన దేశమునకును ఇది క్రొత్త గాదు. 1932లో సిడ్నీయందు ఇంగ్లండు పక్షమున తొలి టెస్టులోనే శతకము చేసిన పటౌడీ నవాబు 1946లో భారతజట్టునకు నాయకుడయ్యెను. అంతకు పదేండ్లముందు ఆ నాయకత్వము వహించినవాడు మన విజయనగర మహారాజకుమారుడు. నవాబుగారి నెవ్వరును ద్రోహి యని నేడు తలచుట లేదు. పేరులేనివాని విషయముననే మనకీ పట్టుదల యేల?

ధనముకొరకు పోయిరని యందురు. పోవచ్చును. 1933లో ఓడరేవు తెరచినది మొదలు, ఆపై ఉక్కు కర్మాగారము వచ్చినప్పుడును, ఈ పట్టణమునకు జీతముకొరకు వచ్చి యిండ్లు కట్టుకొన్నవారెందరు! వారి బిడ్డలు విశాఖవారు కారని మనమందుమా? ఇక మన సంగతి చెప్పనేల? పసుపుబట్టలతో గడప దాటిన దినమున ఇంటిపేరు మారును. అత్తవారి పరువు నిలుపుమని కన్నవారే చెప్పి పంపుదురు. ఆడుదాని కది ధర్మము, మగవాని కది ద్రోహమనుట మాకు రుచింపలేదు. న్యూజిలాండు మైదానముల నభ్యసించినవాడు మరియొక జట్టునకు పోయిన, నేర్పినవారికి కొంత నష్టమే. ఆ మాట కాదనము. కాని నష్టము వేరు, ద్రోహము వేరు.

2023 అక్టోబరు 9వ తేదీన హైదరాబాదు ఉప్పల్ మైదానమున నెదర్లాండ్సు న్యూజిలాండుతో నాడెను. తెలుగుగడ్డపై, తన్ను పెంచిన దేశమునకు ఎదురుగా, నారింజరంగు చొక్కాతో తేజ నిలిచెను. ఆనాడు గెలిచినది న్యూజిలాండు, 99 పరుగుల తేడాతో.