ఓటు వేయనివారి తరఫున



రెజినాల్డ్ సోరెన్సన్ గారి పేరు మన సంఘాలలో విన్నవారు తక్కువ. 1891లో పుట్టిన ఈయన లండన్ దగ్గర వాల్తమ్‌స్టోలో సంఘ కాపరి, లేబర్ పార్టీ పార్లమెంటు సభ్యుడు కూడా. యూనిటేరియన్ శాఖవారు, త్రిత్వమును గూర్చి వారి బోధతో మనము ఏకీభవించము. అయినా సామెతలు 31:8లోని ఆజ్ఞను ఆయన పాటించినంతగా, సరియైన సిద్ధాంతము గల మనలో ఎందరు పాటించారు?

యుద్ధం ముగిసిన రోజులవి. ఆయనకు ఓటు వేసే లేటన్ ప్రజలకు ఇండియాతో పనిలేదు. వారికి కావలసినవి ఇళ్లు, రేషను. ఈయన మాత్రం పరాయి పాలనలో ఉన్నవారి సంగతులు సభలో మాటిమాటికి ఎత్తేవారు. 1946 జనవరిలో పదిమంది పార్లమెంటు సభ్యుల బృందముతో మన దేశము వచ్చి చూసి, వెళ్లి పుస్తకము వ్రాశారు. మరుసటి ఏడు జూలై 4న భారత స్వాతంత్ర్య బిల్లు సభ ముందుకు వచ్చి, 18న చట్టమైంది.

ఆ చట్టము మన ఇబ్రహీంపట్నానికి స్వేచ్ఛ తేలేదు. సంస్థానాలపై బ్రిటిషు అధికారము పోయిందన్నదే గాని, నిజాం కింద ఉన్న రైతుకూలీల మాట అందులో లేదు. మన పెద్దలు 1948 సెప్టెంబరు 17 వరకు ఆగవలసి వచ్చింది.

1950లో సోరెన్సన్ గారు వర్ణ వివక్షను నేరము చేయాలని బిల్లు తెచ్చారు. నల్లవారికి గది లేదని బోర్డులు పెట్టిన కాలమది. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మనవారికి దీన్ని విప్పి చెప్పనక్కరలేదు. బిల్లు నెగ్గలేదు. తొలి చట్టము 1965లో వచ్చింది. ఉద్యోగాలు, అద్దె ఇళ్లు 1968లో గాని దాని కిందికి రాలేదు.

అదే 1950 ఆగస్టు 10న మన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాలనుండి తీసివేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. క్రైస్తవులకు మనకు దక్కినది బి.సి.-సి. మాత్రమే. బాప్తిస్మము తీసుకున్న రోజున మాలవాడ, మాదిగవాడ ఊరి మధ్యకు జరిగిపోతాయా? 2022లో కేంద్రము దీనిపై జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి కమిషన్ వేసింది.

ఈ సంగతి సభలో అడగమని మన పార్లమెంటు సభ్యునికి ఉత్తరము వ్రాసిన సంఘాలెన్నో నాకు అనుమానమే. ఈ నెల కూటములో పెద్దలు, స్త్రీల సమాజమువారు కూర్చుని ఒకటి వ్రాయండి. తెలుగులో వ్రాసినా చాలును. సంతకాలు రానివారు వేలిముద్ర వేయవచ్చును.