పింఛను పౌరహక్కు, ఉప ప్రణాళిక పద్దు ఎందుకు?

బడ్జెట్ ప్రసంగం ముగిసిన మరునాడు పత్రికల్లో ఏటా ఒక అంకె కనిపిస్తుంది: ఎస్సీల సంక్షేమానికి ఇన్ని వేల కోట్లు అని. 2025-26కు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన అంకె 20,281 కోట్ల రూపాయలు. ఇది చిన్న మొత్తం కాదు. అయితే ఇందులో దళితుల వెనుకబాటును పూడ్చడానికి ప్రత్యేకంగా ఖర్చయ్యేది ఎంత? పేదలందరికీ ఇచ్చే దానిలో దళితులకు ఎలాగూ చేరేది ఎంత? ఈ రెండింటినీ విడదీసి చెప్పనంత కాలం ఆ అంకెను చూసి సంతోషించాలో, నిలదీయాలో మావంటి విద్యార్థులకు తేలదు.

ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. ఐదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక, ఆరో ప్రణాళిక నాటికి ఎస్సీల ప్రత్యేకాంశ ప్రణాళిక రూపుదిద్దుకున్నాయి. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలన్నది వాటి మూలసూత్రం. చట్టబద్ధత లేని ఆ సూత్రం దశాబ్దాల పాటు కాగితానికే పరిమితమైంది. 2010 కామన్వెల్త్ క్రీడల పనులకు ఢిల్లీలో ఎస్సీ నిధులు వందల కోట్లు మళ్లిన సంగతి పార్లమెంటులోనే చర్చకు వచ్చింది. మన రాష్ట్రంలో మాజీ ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు వంటివారు, దళిత, గిరిజన, వామపక్ష సంఘాలు కలిసి నడిపిన ఉద్యమం ఫలితంగా 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. దేశంలో అటువంటి చట్టం అదే మొదటిది. పదేళ్ల గడువు ముగిసే వేళ, 2023 జనవరిలో, ఆర్డినెన్సు ద్వారా దానిని మరో పదేళ్లు పొడిగించారు. విభజిత ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల జనాభా 17.08 శాతం, ఎస్టీలది 5.53 శాతం. వాటా లెక్కకు ఆధారం ఇదే.

వాటా చట్టంలో ఉంది. దానిని పలుచన చేసే దారులూ అదే చట్టంలో ఉన్నాయి. విడదీయడానికి వీలులేని మౌలిక వసతుల పనుల్లో ప్రభుత్వం నిర్ణయించిన భాగాన్ని దళితులకు ఖర్చయినట్టే భావించవచ్చునన్నది ఒక దారి. సాధారణ పథకాల్లో ఎస్సీ లబ్ధిదారులకు చేరిన మొత్తాన్ని ఉప ప్రణాళిక కింద చూపడం రెండవది. 2019 తర్వాత అమ్మఒడి, పింఛన్ల వంటి పథకాల సొమ్మును కులాల వారీగా విడగొట్టి, ఆయా కార్పొరేషన్ల పద్దుల్లో చూపే పద్ధతి స్థిరపడింది. దానికి తోడు 2017-18 నుంచి ప్రణాళిక, ప్రణాళికేతర వ్యయాల తేడా తొలగిపోవడంతో, ‘ప్రణాళికా వ్యయంలో వాటా’ అన్న మాటకు పునాది కూడా కదిలిపోయింది.

నేను తడ మండలంలోని ఒక ఎస్సీ కాలనీ నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్నాను. మా అవ్వకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తుంది. ఊళ్లో మరో వీధిలో ఉండే ఇతర కులాల వృద్ధులకూ అంతే వస్తుంది. వారికి ఇస్తే అది సామాజిక భద్రత. మా అవ్వకు ఇస్తే దళితాభివృద్ధి. ఆమె పింఛను తీసుకుంటున్నది వయసు మీదపడినందుకు, కూలికి వెళ్లే శక్తి లేనందుకు. దళితురాలైనందుకు కాదు. పౌరురాలిగా ఆమెకు దక్కవలసిన దానిని కులం పద్దులో రాయడమంటే, ఆమె మనవలకు దక్కవలసిన మరొకదానిని ఆ మేరకు తగ్గించడమే.

ఆ మరొకదానిలో మొదటిది చదువు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా అంబేడ్కర్ దళిత విద్యార్థుల ఉపకార వేతనాల కోసం కేంద్రాన్ని పట్టుబట్టి ఏటా 3 లక్షల రూపాయలు సాధించారు. నేటి పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనానికి మూలం ఆ కృషే. 2020 డిసెంబరులో కేంద్రం ఈ పథకాన్ని సవరించి, అయిదేళ్లకు 59,048 కోట్ల అంచనాతో, కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించే పద్ధతి తెచ్చింది. అదే నెలలో మన రాష్ట్రంలో వెలువడిన 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల్లోని పీజీ విద్యార్థులను ఫీజు పథకానికి దూరం చేసింది.

ఫీజు సొమ్ము ఆలస్యమైతే కళాశాల దానిని ప్రభుత్వ బకాయిగా చూడదు, విద్యార్థి అప్పుగా చూస్తుంది. నేను చదివే కళాశాలలోనూ పరీక్షల ముందు హాల్‌టికెట్టు కోసం కార్యాలయం చుట్టూ తిరిగేవారిలో మా కాలనీల పిల్లలే ఎక్కువ. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపరాదని యూజీసీ 2018లోనే చెప్పినా, ఫీజు బాకీ పేరుతో వాటిని ఆపిన సందర్భాలను నేను చూశాను.

మా ప్రాంతంలో దీని పర్యవసానం స్పష్టం. చదువు ఆగినవారు శ్రీసిటీ బస్సెక్కుతారు. పని దొరకడం మంచిదే. కానీ ఇంజనీరుగా వెళ్లడానికీ, కాంట్రాక్టు కూలీగా వెళ్లడానికీ మధ్య ఉన్న తేడాను పూడ్చడానికే కదా ఉప ప్రణాళిక పుట్టింది? పులికాట్ సరస్సులోని ఇరకం దీవి పిల్లలు పైచదువులకు పడవ దాటి రావాలి. సరస్సు గట్టున ఉన్న యానాది గూడేలకు కళాశాల ఇంకా దూరం. సూళ్లూరుపేట, గూడూరు, సత్యవేడు శాసనసభ స్థానాలూ, తిరుపతి లోక్‌సభ స్థానమూ ఎస్సీలకు రిజర్వయినవే. ఇంతమంది ప్రతినిధులున్న ప్రాంతంలోనైనా ఈ లెక్కను సభలో గట్టిగా అడగాలి.

పింఛన్లు, తల్లులకు ఇచ్చే సాయం దళితులకు మేలు చేయవా అని అడిగేవారున్నారు. చేస్తాయి. వాటిని తగ్గించమని ఎవరూ కోరడం లేదు. వాటిని సాధారణ బడ్జెట్ నుంచే ఇవ్వమంటున్నాం. కర్ణాటక అనుభవం ఇక్కడ గమనార్హం. మన చట్టం బాటలోనే 2013లో చట్టం చేసుకున్న ఆ రాష్ట్రం, ‘ఖర్చయినట్టు భావించే’ 7(డి) నిబంధనను 2023లో రద్దు చేసింది. అయినా అదే ప్రభుత్వం గ్యారంటీ పథకాలకు ఈ నిధుల నుంచి వేల కోట్లు కేటాయించడాన్ని దళిత సంఘాలు వీధిలోకి వచ్చి నిరసించాయి. ఒక తలుపు మూసి రెండవది తెరిచి ఉంచితే ఫలితం అదే.

కాబట్టి కోరవలసినవి మూడు. మొదటిది, సార్వత్రిక పథకాల వ్యయాన్ని ఉప ప్రణాళిక నుంచి వేరుచేసేలా చట్టాన్ని సవరించాలి. ఖర్చు కాని నిధులను మరుసటి ఏటికి చేర్చాలి. తెలంగాణ 2017 చట్టంలో అటువంటి నిబంధన ఉంది. రెండవది, విద్యా సంవత్సరం ముగిసేలోగా ఫీజు చెల్లించాలి. బకాయి ప్రభుత్వానిదైతే విద్యార్థి పరీక్షనూ సర్టిఫికెట్టునూ ఆపే అధికారం ఏ కళాశాలకూ ఉండరాదు. మూడవది, ఉప ప్రణాళిక ఖర్చును మండలాల వారీగా తెలుగులో ప్రచురించాలి. తడ మండలంలో ఏ కాలనీకి ఏ పని కింద ఎంత ఖర్చయిందో మేమే చదువుకుని, వెళ్లి చూసుకుంటాం. వాటా ఇచ్చామని చెప్పే ప్రభుత్వానికి దానిని చూపించడంలో ఇబ్బంది ఉండకూడదు.