మా ఊరి టాకీసుకి ఎప్పుడొస్తుందండీ?

బెజవాడలో వంద రోజులాడిన బొమ్మ మన ఊరి టూరింగ్ టాకీసుకి అసలు రానే రాకపోతే ఎలా ఉంటుంది? కెనడా, అమెరికాల్లో ఐస్ హాకీ వీడియో గేమ్ అభిమానుల గోడు అచ్చం ఇదే!

ఈఏ కంపెనీ ఏటేటా తెచ్చే ‘ఎన్‌హెచ్‌ఎల్’ ఆట ఒకప్పుడు పీసీకి కూడా వచ్చేది. 2008లో ‘ఎన్‌హెచ్‌ఎల్ 09’తో ఆ ముచ్చట తీరిపోయింది. అక్కణ్ణుంచి 2025 నాటి ‘ఎన్‌హెచ్‌ఎల్ 26’ దాకా అంతా ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వాళ్లకే. ఇంట్లో మాంచి కంప్యూటరున్న కుర్రాడు కూడా ఈ ఒక్క ఆట కోసం ఇంకో పెట్టె కొనుక్కోవాలి. జేబుకి చిల్లు కాదూ మరి?

అయినా వీరాభిమానులు ఊరుకుంటారా! ‘ఎన్‌హెచ్‌ఎల్ 2004’, ‘09’ లాంటి పాత ఆటల్నే పట్టుకుని, రిటైరైనవాళ్లను తీసేసి, కొత్త ఆటగాళ్లనీ కొత్త జెర్సీలనీ వాళ్లే కూర్చుకుని ఆడుతున్నారు. తెగిన రీలు అతికించి మళ్లీ మళ్లీ వేసుకున్నట్టు! (ఇదే కంపెనీ ‘క్రికెట్ 07’ని మన కుర్రాళ్లు వదలనట్టే లెండి.)

పీసీ అంటే కంపెనీకి గిట్టదేమో అనుకుందామా? ‘ఫిఫా’ ఏటా వచ్చింది కదా! అమెరికన్ ఫుట్‌బాల్ ‘మ్యాడెన్’ 2007 తర్వాత మాయమై, 2018లో ‘మ్యాడెన్ 19’తో తిరిగొచ్చింది కూడానూ. హాకీ మీదే ఈ సవతి ప్రేమ దేనికో! అన్నట్టు, పదకొండేళ్లకి 2024లో లేచొచ్చిన ‘కాలేజ్ ఫుట్‌బాల్ 25’ కూడా పీసీ గడప తొక్కలేదు.

పాపం, వీళ్లు ఉచితంగా పాసులడగడం లేదండీ. టిక్కెట్టు డబ్బులు చేత్తో పట్టుకునే గేటు దగ్గర నిలబడ్డారు.